నెడీ ఒకొరాఫోర్ పుస్తకాలు మన డెల్టా పిల్లలకి: చదివినవాళ్లు, చదవాలనుకునేవాళ్లు రండి

కౌశిక ఒడ్డు (అంబాజీపేట)

ఈ వేసవిలో పదో తరగతి, ఇంటర్ పిల్లలతో ఒకే రచయిత పుస్తకాలు వరసగా చదివించాలని మన లైబ్రరీ బృందం అనుకుంది కదా. నా ఓటు నెడీ ఒకొరాఫోర్‌కి. ఆవిడ పేరు ఇక్కడ చాలామందికి కొత్త కాబట్టి ముందు నాకు తెలిసింది రాస్తాను. అవునన్నా కాదన్నా కారణం చెప్పి అనండి.

పుట్టింది 1974లో, అమెరికాలోని సిన్సినాటిలో. అమ్మానాన్నలు నైజీరియాకి చెందిన ఇగ్బో జాతివాళ్లు. 1969లో చదువుకోవడానికి వెళ్లారు. స్వదేశంలో బయాఫ్రా అంతర్యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక అక్కడే ఉండిపోయారు. పిల్లల్ని మాత్రం నైజీరియా తీసుకెళ్తూ ఉండేవారు. నాన్న గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. ఈ అమ్మాయికి రచయిత్రి కావాలన్న ఆలోచనే లేదు. టెన్నిస్ బాగా ఆడేది, పురుగుల మీద పరిశోధన చెయ్యాలనుకునేది. పదమూడేళ్లప్పుడు వెన్నెముక పక్కకి వంగుతోందని తెలిసింది. 19 ఏళ్లకి ఆపరేషన్ చేస్తే, చాలా అరుదుగా జరిగేది ఆవిడకి జరిగింది. నడుము నుంచి కిందకి చచ్చుబడిపోయింది.

ఆ ఆసుపత్రి మంచం మీదే, దగ్గరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ పుస్తకం మార్జిన్లలో చిన్న చిన్న కథలు రాయడం మొదలుపెట్టింది. తర్వాత నడక మళ్లీ నేర్చుకుంది, టెన్నిస్ మాత్రం పోయింది. కాలేజీకి తిరిగొచ్చాక ఒక ఫ్రెండ్ మాట మీద కథలు రాయడం నేర్పే క్లాసులో చేరింది. ఆ సెమిస్టర్ అయ్యేసరికి ఒక నవల రాస్తూ ఉంది.

అక్కణ్ణుంచి మొదటి పుస్తకం అచ్చవడానికి పదేళ్ల పైనే పట్టింది. ఈ మధ్యలో జర్నలిజంలో ఎమ్మే, ఇంగ్లీషు సాహిత్యంలో పీహెచ్‌డీ చదువులు, 2001లో క్లారియన్ రచయితల శిక్షణ శిబిరం. 2005లో 'జారా ద విండ్‌సీకర్' వచ్చింది. జుట్టులో తీగలు అల్లుకుని పుట్టిన ఓ పిల్ల కథ. ఆ లోకంలో కంప్యూటర్‌ని కూడా విత్తనం నాటి మొక్కలా పెంచుకుంటారు. ఆ పుస్తకానికి 2008లో ఆఫ్రికా సాహిత్యానికిచ్చే వోలే సోయింకా బహుమతి దక్కింది. 2007లో 'ద షాడో స్పీకర్'. 2010లో పెద్దల కోసం రాసిన 'హూ ఫియర్స్ డెత్'కి మరుసటి ఏడాది వరల్డ్ ఫాంటసీ అవార్డు. 2011లో 'అకాటా విచ్'. ఇదే మన పిల్లలకి మొదట ఇవ్వాలని నా ఆశ. దీని తర్వాతి రెండు భాగాలు 2017లో, 2022లో వచ్చాయి. ఆ రెండింటికీ, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాలకిచ్చే హ్యూగో అవార్డుల సభలో కిశోర సాహిత్యానికిచ్చే పురస్కారం వచ్చింది, 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి. 2018లో ఆ పురస్కారం పెట్టిన మొదటి ఏడే ఆవిడ గెలిచింది.

'అకాటా విచ్' కథ కొంచెం చెప్తాను. సన్నీకి పన్నెండేళ్లు. న్యూయార్క్‌లో పుట్టి, ఇప్పుడు నైజీరియాలోని ఆబా అనే ఊళ్లో ఉంటుంది. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని పిల్ల. ఎండలోకి వెళ్తే ఒళ్లు కాలిపోతుంది, అందుకని ఫుట్‌బాల్ అంటే ప్రాణమైనా పగలు ఆడలేదు. బడిలో అందరూ ఏడిపిస్తారు. ఒక రాత్రి కొవ్వొత్తి మంటలోకి చూస్తే అందులో లోకం తగలబడిపోతూ కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ముగ్గురు స్నేహితులు, ఒక రహస్య విద్య, పిల్లల్ని ఎత్తుకుపోయే ఒక హంతకుడు. మిగతాది చదివి తెలుసుకోండి.

పాలకొల్లు ఫిజియో

కౌశిక ఒడ్డు గారూ, మీరు ఆపరేషన్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేశారు కానీ దాని దగ్గర కాసేపు ఆగాలండి. ఇలాంటి పిల్లల్ని నేను రోజూ చూస్తాను. వంగిన వెన్నుపూసల్ని రాడ్లు, స్క్రూలతో నిలబెట్టి, అవి ఒకదానికొకటి అతుక్కునేలా చేసే ఆపరేషన్ అది. ఎక్కువమంది కొద్ది రోజుల్లోనే లేచి నడుస్తారు. వెన్నుపాము దెబ్బతినడం చాలా అరుదు. అలా జరిగి, కాళ్లు తనవి కానట్టు అయిపోయిన మనిషి మళ్లీ నడవాలంటే ఏం చెయ్యాలో చూసినవాళ్లకే తెలుస్తుంది. మంచం అంచున కూర్చోవడమే మొదటి పాఠం. కూర్చున్నవాళ్లు పక్కకి పడిపోతారు. నిలబడటం, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మార్చుకోవడం, ఇవన్నీ బుద్ధిపూర్వకంగా చెయ్యాలి. ఏ పనీ దానంతటది జరగదు.

ఆవిడ దీని మీదే 2019లో 'బ్రోకెన్ ప్లేసెస్ అండ్ ఔటర్ స్పేసెస్' అని చిన్న పుస్తకం రాసింది. నేను చదివింది అదొక్కటే. విరిగినచోటే కొత్తది పుట్టవచ్చని ఆవిడ తన గురించి తాను చెప్పుకుంది. ఆ మాట చెప్పే హక్కు ఆవిడకుంది. మనం మాత్రం పిల్లల ముందు దాన్ని ఉపదేశంగా మార్చకూడదు. "చూడు, కష్టం వచ్చింది కాబట్టే పైకొచ్చింది" అని ఒక పెద్దమనిషి అంటే, వెనక బెంచీలో వెన్నుకి బెల్టు కట్టుకుని కూర్చున్న పిల్ల ఏమనుకుంటుంది? ఆవిడ నష్టం నిజమైన నష్టం. టెన్నిస్ తిరిగి రాలేదు.

ఇంకోటి, ఇక్కడ తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి. పది నుంచి పదిహేనేళ్ల మధ్య, పిల్లలు ఒక్కసారిగా పొడుగెదిగే రోజుల్లో, ముందుకి వంగమని వెనకనుంచి చూడండి. వీపు ఒకవైపు ఎత్తుగా కనబడితే ఎముకల డాక్టరుకి చూపించండి. త్వరగా తెలిస్తే చాలామందికి బెల్టుతోనే సరిపోతుంది.

రాజోలు టు హార్కోర్ట్

నేను నైజీరియాలోని పోర్ట్ హార్కోర్ట్‌లో చమురు రిగ్గుల మీద పనిచేసి వచ్చాను. ఆబా అక్కడికి దగ్గరే, రోడ్డు మీద వెళ్లిపోవచ్చు. అరియారియా మార్కెట్ అని చాలా పెద్ద బజారు, చెప్పులు, బట్టలు కుట్టేవాళ్లు వీధులకి వీధులుంటారు. ఆవిడ తన కథని లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పెట్టకుండా ఆ ఊళ్లో పెట్టింది చూడండి, అది నాకు ఎంత నచ్చిందో. 'అకాటా విచ్'లో మంత్రవిద్య తెలిసినవాళ్లని చిరుతపులి మనుషులు అంటారు, ఆ పేరు ఊరికే పుట్టలేదు. చిరుతపులిని గుర్తుగా పెట్టుకున్న ఎక్పే అనే పాత సంఘం ఆ ప్రాంతంలో నిజంగా ఉంది, వాళ్ల 'న్సిబిడి' బొమ్మల రాత కూడా నిజమే. మన జాతరల్లో గరగలు ఎత్తుకుని వచ్చేటప్పుడు, వీరభద్రుడి వేషం కట్టి కత్తి ఝళిపించేటప్పుడు పిల్లలు భయంతో వెనక్కి జరుగుతూనే కళ్లార్పకుండా చూస్తారు కదా. అక్కడ ముసుగు వేషాల దగ్గర పిల్లలు సరిగ్గా అలాగే ఉంటారు. ఆవిడ ఆ ముసుగు దేవతల్ని పుట్టల్లోంచి బయటికి రప్పించింది.

కానీ నేను చెప్పదలుచుకున్నది వేరే కథ. 'స్పైడర్ ది ఆర్టిస్ట్' అని 2008లో రాసింది. ఇంటి పెరట్లోంచి పైప్‌లైన్ పోయే ఊళ్లో ఒక ఆడమనిషి. మొగుడు కొడతాడు. చమురు దొంగతనం జరగకుండా పైప్‌లైన్ మీద సాలీడు లాంటి రోబోల్ని కాపలా పెట్టారు. పైప్ ముట్టుకున్నవాణ్ణి చంపేస్తాయి. ఈవిడ రాత్రిపూట పెరట్లో కూర్చుని గిటారు వాయించుకుంటుంటే, ఒక రోబో వచ్చి వినడం మొదలుపెడుతుంది. అంతకన్నా చెప్పను.

అది చదివినప్పుడు నేను క్యాంపు గదిలో ఉన్నాను, కానీ కళ్లముందు కనబడింది పాశర్లపూడి. 1995 జనవరిలో అక్కడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి మంటలు లేచినప్పుడు మేం చిన్నపిల్లలం. రెండు నెలల పైన మండింది. రాత్రిళ్లు కూడా ఆకాశం ఎర్రగా ఉండేది. ఆర్పడానికి విదేశాల నుంచి మనుషుల్ని రప్పించారు. అదే ఏడాది నవంబరులో, అక్కడ నైజర్ డెల్టాలో, చమురు వల్ల పాడైన తన నేల కోసం పోరాడిన రచయిత కెన్ సారో వివాని ఉరితీశారు. అక్కడా డెల్టానే, ఇక్కడా డెల్టానే. అక్కడా మడ అడవులు, ఇక్కడా మడ అడవులు. వాళ్ల పిల్లల కోసం ఆ పైప్‌లైన్ గురించి ఒకావిడ కథ రాసింది. మన పిల్లలకి ఎవరు రాశారు?

ఏటిగట్టు (మామిడికుదురు)

రాజోలు అన్నా, ఆ కథ నాకు కావాలి. మాది నగరం అనే ఊరి పక్కనే. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గ్యాస్ పైప్‌లైన్ పేలినప్పుడు ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలబడినవి నిలబడినట్టే మాడిపోయాయి. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు మా బడిలో చదువుతున్నారు. వాళ్లకి అది ఏడాదికోసారి పేపర్లో వచ్చే వార్త మాత్రమే. పెద్దవాళ్లం ఇంట్లో దాని గురించి మాట్లాడం. కథలోనైతే మాట్లాడొచ్చేమో అనిపిస్తోంది.

మెట్ట మాష్టారు (జగ్గంపేట)

అందరూ మెచ్చుకుంటుంటే అడ్డం వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, నాకు గట్టి అభ్యంతరం ఉంది. మా వైపు, ముఖ్యంగా ఏజెన్సీకి దగ్గర ఊళ్లలో, చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టారు, వెలేశారు, చంపారు కూడా. ఎక్కువగా ఒంటరిగా ఉండే ముసలమ్మలు, ఎవరూ లేనివాళ్లు. నేను సైన్స్ చెప్తాను. జ్వరం ఎందుకొస్తుందో చెప్పడానికి ఏడాదంతా కష్టపడతాను. అలాంటి పిల్లల చేతికి "మంత్రవిద్య నిజం, నీలో కూడా ఉంది" అనే పుస్తకం ఇస్తే నా కష్టం ఏమవుతుంది? దూరదేశపు రాజకుమారుడు ఎగిరే గుర్రం ఎక్కితే అది కథ అని వాడికి తెలుసు. పక్కింట్లో జరిగే చేతబడిలాంటిది చదివితే అది కథ అని ఎలా తెలుస్తుంది? మన నమ్మకాల్లోంచి రాయడం గొప్ప అంటున్నారు. అన్ని నమ్మకాలూ ఒకటి కాదు. మహారాష్ట్ర 2013లో ఇలాంటి దురాచారాల మీద చట్టం తెచ్చింది. అవసరం ఉండబట్టే కదా.

కౌశిక ఒడ్డు (అంబాజీపేట)

మాష్టారూ, ఈ అభ్యంతరం రావాలి, మీరే ఎత్తినందుకు సంతోషం. ఒక్క విషయం గమనించండి. ఆ పుస్తకంలో హంతకుడు శక్తి కోసం పిల్లల్ని బలిచ్చేవాడు. వాడికి ఆవిడ పెట్టిన పేరు 'ఒటొకోటో'. 1996లో నైజీరియాలోని ఓవెర్రి ఊళ్లో ఒక చిన్నపిల్లాణ్ణి డబ్బు కోసం బలిస్తే జనం తిరగబడ్డారు. ఆ హత్య జరిగిన హోటల్ పేరు అది. అంటే అక్కడ చదివే ప్రతి ఒక్కరికీ ఆవిడ ఎవర్ని దుర్మార్గుడంటోందో తెలుసు. మూఢనమ్మకం పేరుతో చంపేవాడే ఆ కథలో రాక్షసుడు. కథానాయిక ఎవరు? ఒంటిరంగు చూసి జనం దెయ్యం అని పిలిచే పిల్ల. మీరు చెప్పిన ఒంటరి ముసలమ్మ ఉన్న చోటే సన్నీ కూడా ఉంది.

రాజోలు టు హార్కోర్ట్

మాష్టారు చెప్పింది అక్కడ ఇంకా ఘోరం. పసిపిల్లలకే మంత్రగాళ్లని ముద్ర వేసి ఇళ్లలోంచి గెంటేసేవారు. పోర్ట్ హార్కోర్ట్‌కి తూర్పున అక్వా ఇబోమ్ రాష్ట్రంలో అది ఎంత పెరిగిందంటే, 2008లో పిల్లల మీద అలాంటి ముద్ర వెయ్యడమే నేరమని చట్టం చేశారు. ఆవిడ పుస్తకం 2011లో వచ్చింది. ఆ గాలి పీల్చినవాళ్లకి అది మంత్రాల ప్రచారంలా అనిపించదు. వేలెత్తి చూపించబడిన పిల్ల వైపు నుంచి రాసినట్టు ఉంటుంది.

మెట్ట మాష్టారు (జగ్గంపేట)

మీరిద్దరూ చెప్పింది ఆలోచించాను. రచయిత్రి ఉద్దేశం మీద నాకు అనుమానం లేదు. నా భయం చదివే పరిస్థితి గురించి. ఆబాలో చదివే పిల్లకి ఒటొకోటో అంటే ఏంటో తెలుసు, మా పిల్లలకి తెలీదు. ఆ నేపథ్యం లేకుండా చేతికిస్తే మంత్రం మిగులుతుంది, హంతకుడి సంగతి పోతుంది. కాబట్టి నా షరతు ఒకటే. చిల్లంగి గురించి విడిగా ఒక రోజు కూర్చుని మాట్లాడాకే ఈ పుస్తకం మొదలుపెట్టాలి. ఆ రోజు క్లాసు నేను తీసుకుంటాను.

కోరంగి అమ్మాయి

నమస్తే అండి. నేను ఇంటర్ సెకండియర్, బైపీసీ. మీరంతా మా గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నేను 'బింటి' చదివాను. చిన్నదే, రెండు రోజుల్లో అయిపోయింది. 2015లో వచ్చింది, హ్యూగో, నెబ్యులా అనే పెద్ద సైన్స్ ఫిక్షన్ అవార్డులు రెండూ వచ్చాయంట. అవి నాకు తర్వాత తెలిశాయి.

బింటి నమీబియాలోని హింబా జాతి అమ్మాయి. వాళ్లు ఎర్రమన్ను, నూనె కలిపి ఒంటికి, జుట్టుకి పట్టిస్తారు. లెక్కల్లో చాలా తెలివైంది. వేరే గ్రహం మీద ఉన్న పెద్ద యూనివర్సిటీలో సీటొస్తే, వాళ్ల జాతిలో ఎవరూ ఊరు వదిలి వెళ్లరు కాబట్టి ఇంట్లో చెప్పకుండా రాత్రిపూట బయల్దేరిపోతుంది. లైన్లో నిలబడితే వెనకున్న ఆవిడ తన జడ పట్టుకుని చూస్తుంది, అడక్కుండా. ఆ చోట నాకు చాలా కోపం వచ్చింది. మా అక్క హైదరాబాద్ హాస్టల్‌లో చేరినప్పుడు తన భాషని అనుకరిస్తూ నవ్వేవాళ్లంట. ఫోన్లో చెప్తూ ఏడ్చింది.

బింటి తన మన్నుని చిన్న డబ్బాలో పట్టుకెళ్తుంది. దాన్ని వదిలెయ్యమని ఎవరూ చెప్పరు, మార్చుకోమని కథ కూడా చెప్పదు. ఆ మన్నే తర్వాత ప్రాణం కాపాడుతుంది. మాకు ఎప్పుడూ రెండే దారులు చూపిస్తారు. బాగా చదివి ఊరు వదిలి వెళ్లిపోవాలి, లేదా ఊళ్లో ఉండిపోవాలి. మూడో దారి ఉన్న కథ నేను మొదటిసారి చదివాను. మాష్టారూ, మాకు కథకి, నిజానికి తేడా తెలుసండి. కానీ మీ క్లాసుకి నేను కూడా వస్తాను.

వశిష్ఠ పెద్దాయన (నర్సాపురం)

అమ్మాయ్, బాగా రాశావు. కానీ నాకు ఒకటి బాధగా ఉంది. మనకి ఇలాంటివి లేనట్టే అందరూ మాట్లాడుతున్నారు. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు మీలో ఎంతమంది చదివారు? 'తోకచుక్క' నుంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి రాశారాయన. పేరు కూడా వేసుకోలేదు. చిత్రా గారి బొమ్మలు, ఆ మాంత్రికులు, ఆ అడవులు, ఆ వింత జంతువులు. నెలంతా ఎదురుచూసేవాళ్లం. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే నలుగురం పరిగెత్తేవాళ్లం. అవి బాలసాహిత్యం అన్నారు కానీ పదిహేనేళ్లవాడికీ పట్టేవి. ముందు అవి చదివించండి. తర్వాత నైజీరియా వెళ్దాం.

కోరంగి అమ్మాయి

తాతగారూ, మా తాతయ్య దగ్గర బైండు చేయించిన చందమామలు ఉన్నాయి, కొన్ని చదివాను. చాలా బాగుంటాయి. కానీ వాటిలో నాలాంటి వాళ్లు లేరండి. రాజకుమారులు, శిఖిముఖి, విక్రమకేసరి ఉంటారు. సైకిలు మీద కాలేజీకెళ్లే అమ్మాయి లేదు, రొయ్యల చెరువు లేదు. సన్నీకి సెల్‌ఫోన్ ఉంది, హోంవర్కు ఉంది, అన్నలతో గొడవ ఉంది. రెండూ చదువుతాం. ఏది ముందో మమ్మల్ని ఎంచుకోనివ్వండి.

వశిష్ఠ పెద్దాయన (నర్సాపురం)

సరే తల్లీ. సబబుగానే ఉంది.

యానాం రీడర్

అవార్డుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. వరల్డ్ ఫాంటసీ అవార్డు కింద ఇచ్చే బొమ్మ అప్పట్లో భయానక కథల రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ తలకాయ. నల్లజాతివాళ్ల మీద పచ్చి ద్వేషంతో రాసినవాడు. ఆ తల ఇప్పుడు తన ఇంట్లో ఉందని ఆవిడ 2011లోనే బహిరంగంగా రాసింది. అవార్డు వెనక్కి ఇవ్వలేదు, దాచిపెట్టనూ లేదు. ఆ సంగతి మాట్లాడుకుందాం రండి అంది. తర్వాత మిగతా రచయితలూ గొంతు కలిపారు. 2015తో ఆ బొమ్మ ఇవ్వడం ఆపేశారు. నాకైతే ఆవిడ అందుకున్న బహుమతులన్నిటికన్నా ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి.

'లగూన్' గురించి ఎవరూ అనలేదు. 2014లో వచ్చింది. గ్రహాంతరవాసులు లేగోస్ సముద్రంలో దిగుతారు. మొదటి పేజీలో కథ నడిచేది మనిషితో కాదు, ఒక కత్తిచేపతో. చమురు గొట్టం మీద దాడికి వెళ్తుంది. ఒక సినిమాలో నైజీరియన్లని చూపించిన తీరు మీద కోపంతో మొదలుపెట్టిన నవల అది. కోపం వస్తే తిట్టి ఊరుకోకుండా ఒక నవలంత పని చేసింది. ఇది పెద్దల పుస్తకం, పిల్లలకి ఇప్పుడే వద్దు.

డెల్టా ప్రెస్ (భీమవరం)

పుస్తకాలు వేసేవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి మాట్లాడతాను. తెలుగులో బొమ్మల కథలు దాటాక నేరుగా పెద్దల నవలలే. మధ్యలో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి అంటూ షాపులో ఒక్క అర కూడా ఉండదు. ఆ వయసులో చదివే అలవాటు తెగిపోతోంది, తర్వాత అతికించడం మావల్ల కావట్లేదు. ఒకొరాఫోర్ పుస్తకాలు ఇంగ్లీషులో చదవగలిగేవాళ్లు చదువుతారు. తెలుగు మీడియం పిల్ల సంగతేంటి?

అనువదించి నాలుగు కాపీలు జిరాక్స్ తీసి పంచుదాం అని ఎవరైనా అనే ముందే చెప్తున్నా, అది చెయ్యకూడదు. ఆవిడ బతికున్న రచయిత్రి, రాత మీద బతుకుతోంది. అనువాద హక్కుల కోసం ఏజెంటుకో ప్రచురణకర్తకో ఉత్తరం రాయాలి. ఎన్ని కాపీలు, ధర ఎంత, ఎన్నేళ్లకి అన్నది స్పష్టంగా చెప్పాలి. చిన్న భాషలకి తక్కువ మొత్తానికి ఒప్పుకునేవాళ్లు ఉంటారు. 'అకాటా విచ్' పెద్ద నవల, ఖర్చు ఎక్కువ. 'బింటి' చిన్నది, ముందు దానికి అడుగుదాం. ఉత్తరం నేను రాస్తాను. అనువాదం చెయ్యగలిగినవాళ్లు రెండు పేజీలు చేసి నాకు చూపించండి. కాకినాడ, అమలాపురం పిల్లలు మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. గ్రాంథికం వద్దు, టీవీ డబ్బింగ్ భాషా వద్దు.

పాలకొల్లు ఫిజియో

ప్రెస్ గారూ, ఆవిడ కూడా మొదటి పుస్తకం నుంచి అమ్ముడుపోయిన రచయిత్రి కాదని నాకనిపిస్తుంది. యూనివర్సిటీల్లో పాఠాలు చెప్తూ, మధ్యలో మార్వెల్ వాళ్లకి కామిక్స్ రాస్తూ, సొంత నవలలు రాస్తూ వచ్చింది. 'లగార్డియా' అనే బొమ్మల నవలకి 2020లో హ్యూగో, కామిక్స్‌కిచ్చే ఐస్నర్ రెండూ వచ్చాయి. 2007లో రాసిన 'ద షాడో స్పీకర్'కి రెండో భాగం 2023లో తెచ్చింది. పదహారేళ్లు ఆ కథని వదల్లేదు. రాయాలనుకునే పిల్లలకి ఈ లెక్క చెప్పాలి. టెన్త్‌లో కథ రాసి ఇంటర్‌లో పేరు రాలేదని ఆపేసేవాళ్లని చూశాను.

మెట్ట మాష్టారు (జగ్గంపేట)

'అకాటా విచ్' ఇంగ్లీషులోనే సగం చదివాను, మూడు రాత్రులు పట్టింది. ఒక విషయం నాకు బాగా పట్టుకుంది. అందులో పిల్లలు ఏదైనా కొత్తగా నేర్చుకుంటే చాలు, ఆకాశం నుంచి లోహపు కడ్డీలు పడతాయి. అదే వాళ్ల డబ్బు. రాగివి అన్నిటికన్నా విలువైనవి. ఎంత నేర్చుకుంటే అంత ధనం, వేరే దారిలో సంపాదించడానికి లేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి చదువు విలువ చెప్తున్నాను, ఇంత బాగా చెప్పలేకపోయాను. హంతకుడు కూడా చదువుకున్నవాడే, చదువుని దేనికి వాడాడన్నదే తేడా. అది పిల్లలతో మాట్లాడాలి. షరతు మాత్రం షరతే, ముందు నా క్లాసు.

ఏటిగట్టు (మామిడికుదురు)

రాజోలు అన్న పంపిన కథ చదివాను. మా ఆవిడకి తెలుగులో చెప్తూ చదివాను. మధ్యలో ఆపమంది, కాసేపయ్యాక మళ్లీ చదవమంది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. పుస్తకాలు చదివాక పిల్లలతో ఒక పని చేయిద్దాం. వాళ్ల ఊళ్లో, వాళ్ల లంకలో, 2070లో ఏం ఉంటుందో రాయమందాం. ఏటిగట్టు ఉంటుందా, సముద్రం ఎంత లోపలికి వస్తుంది, పైప్‌లైన్ ఎవరు కాపలా కాస్తారు, అమ్మవారి జాతర చేస్తారా. 'ద షాడో స్పీకర్'లో ఒకొరాఫోర్ సహారాలో 2070ని ఊహించింది కదా. మన వాళ్లు అంతర్వేది ఊహిస్తారు. పెద్దవాళ్లం దిద్దకూడదు, అక్షరదోషాలు కూడా.

కౌశిక ఒడ్డు (అంబాజీపేట)

బాగుంది, ఒప్పుకున్నాను. అయితే ఇలా చేద్దాం. మే మొదటి వారం మాష్టారి క్లాసు, అంబాజీపేటలో. అదే వారం 'స్పైడర్ ది ఆర్టిస్ట్' కథని రాజోలు గారు తెలుగులో నోటితో చెప్తారు, పెద్ద పిల్లలకి మాత్రమే, అందులో కొట్టే మొగుడు ఉన్నాడు కాబట్టి. తర్వాత 'అకాటా విచ్', రోజుకి ఒక అధ్యాయం, ఇంగ్లీషు వచ్చిన పిల్లలు చదివి రానివాళ్లకి చెప్తారు. పెద్దాయన గారూ, మీ చందమామలు తెస్తే పక్క బల్ల మీద పెడతాం, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు. 'బింటి' హక్కుల సంగతి ప్రెస్ గారు చూస్తారు. పుస్తకాలు ఆరు కాపీలైనా కావాలి. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, లేకపోతే తలా కొంత వేసుకుని కొందాం.

యానాం రీడర్

నా దగ్గర 'అకాటా విచ్' రెండు కాపీలున్నాయి. ఒకటి ఇంగ్లండులో వేరే పేరుతో వేసిన ముద్రణ, 'వాట్ సన్నీ సా ఇన్ ద ఫ్లేమ్స్'. లోపల కథ ఒకటే. శనివారం ఎదుర్లంక మీదుగా అమలాపురం వస్తున్నాను, అక్కడ ఎవరికి ఇవ్వమంటారు?

కోరంగి అమ్మాయి

మా మావయ్య షాపు అమలాపురం బస్టాండు దగ్గరే అండి. మీకు విడిగా మెసేజ్ పెడతాను. మొదట నేను చదువుకుని తర్వాత అంబాజీపేట పంపిస్తాను, పర్లేదా?